కుక్కపిల్ల కడుపులో పురుగులు – రెండో వారం మాట

(సభల్లో ఆరోగ్య వేదికపై ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యక్రమం వేసినవాళ్ళు నన్ను సరిగ్గా భోజనాల ముందు పెట్టారు. "నేను మాట్లాడేది కుక్కల మలపరీక్ష గురించండీ, కాస్త ఆలోచించండి" అన్నాను. "మంచిదే డాక్టరు గారూ, గుత్తివంకాయ దగ్గర లైను తగ్గుతుంది" అన్నారు. కాబట్టి ఇవాళ ఎవరికైనా ఆకలి మందగిస్తే ఆ పాపం నాది కాదు.

నేను పశువైద్యుణ్ణి. తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకుని, ఈ దేశం వచ్చి, మళ్ళీ పరీక్షలన్నీ రాసి, జార్జియాలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను. మా పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ నన్ను "గొడ్ల డాక్టరు" అనే అంటుంది. గొడ్డు కనిపించి చాలా ఏళ్ళయిందంటే నమ్మదు.

మన ఊళ్ళలో కుక్క గుమ్మం బయట ఉండేది. మిగిలిన అన్నం ఇంత వేస్తే తిని, అరుగు కింద పడుకునేది. ఇక్కడ మన కుక్క గుమ్మం దాటింది, హాలు దాటింది, పిల్లల మంచమెక్కి దుప్పట్లో దూరింది. నాకు సంతోషమే. కానీ కుక్క మంచం దాకా వచ్చినప్పుడు దాని కడుపులో ఉన్నవి కూడా కూడా వస్తాయి. ఆ సంగతి ఇల్లాలికీ, ఇంటాయనకీ, ముఖ్యంగా పిల్లలకీ తెలియాలి.

ముందు ఒక కథ చెబుతాను. అందులో తప్పు చేసింది నేనే.

ఆరు పిల్లలు

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. మా మిత్రుడి ఇంట్లో లక్కీ అనే కుక్క ఈనింది. ఆరు పిల్లలు. ఐదోరోజున ఫోన్ చేశాడు. "ఒరే, పిల్లలు బొద్దుగా, ముద్దుగా ఉన్నాయి. ఎప్పుడు తీసుకురమ్మంటావు?" నేను కారు నడుపుతున్నాను. "ఆరు వారాలకి తీసుకురా, టీకాలు మొదలుపెడదాం" అన్నాను. తల్లి ఆరోగ్యంగా ఉంది, ఇల్లు అద్దంలా ఉంటుంది, పైగా వాళ్ళావిడ చెప్పులేసుకుని వంటింట్లోకి రానివ్వదు. పురుగుల మాటే నా నోటికి రాలేదు.

పదహారో రోజు రాత్రి మళ్ళీ ఫోన్. రెండు పిల్లలు పాలు తాగడం లేదు, ఒళ్ళు చల్లగా ఉందన్నాడు. నేను వెళ్ళేసరికి ఒకటి పోయింది. రెండోది దారిలో పోయింది. మిగిలిన నాలుగింటినీ క్లినిక్‌కి తెచ్చి పెదవి ఎత్తి చూస్తే, చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. మలం తారులా నల్లగా ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒక్క గుడ్డు కూడా లేదు. చనిపోయిన పిల్ల పేగు తెరిచి చూస్తే గోడకి పట్టుకుని వేలాడుతున్న కొంకి పురుగులు.

అన్నిట్లోకీ నీరసంగా ఉన్నది చిట్టి. మా క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి తన పెద్ద లాబ్రడార్‌ని తీసుకొచ్చింది. దాని రక్తం ఎక్కించాం. మిగతావాటికి మందు పోశాం. నాలుగూ బతికాయి. తెల్లవారుతుండగా మా మిత్రుడి కూతురు, పదేళ్ళ పాప, నా దగ్గరికి వచ్చి కోపం లేకుండానే అడిగింది: "అంకుల్, మీరే కదా ఆరు వారాలకి తెమ్మన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. కుక్కపిల్లకి పురుగుల మందు రెండో వారంలో మొదలుపెట్టాలని అప్పటికే పుస్తకాల్లో ఉంది, నేను చదివాను కూడా. స్నేహితుడి ఇల్లు కదా అని, శుభ్రమైన ఇల్లు కదా అని, పుస్తకం పక్కన పెట్టాను. ఆ పాపకి ఇవ్వలేకపోయిన జవాబే ఈ ప్రసంగం అనుకోండి.

శుభ్రమైన ఇంట్లోకి ఎలా వచ్చాయి?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. "మా కుక్క బయటికే పోదండీ, దానికి పురుగులేమిటి?" అంటారు. కొంతమంది సిగ్గుపడి ఆ మాట ఎత్తరు కూడా. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కుక్కపిల్లకి పురుగులు ముందుగా వచ్చేది తల్లి దగ్గర్నించే.

తల్లి తన చిన్నతనంలో ఎప్పుడో మట్టిలోంచి తెచ్చుకున్న కొంకి పురుగు పిల్లదశలు, అంటే లార్వాలు, కొన్ని దాని కండల్లో దాక్కుని నిద్రపోతాయి. మామూలు మందు అక్కడికి అందదు. తల్లి మలం పరీక్ష చేస్తే శుభ్రంగానే ఉంటుంది. కాన్పు దగ్గరపడ్డాక అవి నిద్ర లేచి పాలల్లోకి వస్తాయి. ఏలికపాములైతే ఇంకా ముందే, కడుపులో ఉన్న పిల్లలోకే దూరతాయి. అంటే కుక్కపిల్ల పుట్టేటప్పటికే ఏలికపాములతో పుడుతుంది, పాలు తాగుతూ కొంకి పురుగుల్ని మింగుతుంది.

అరకిలో బరువున్న కుక్కపిల్ల ఒంట్లో మొత్తం రక్తం సుమారు 40 మిల్లీలీటర్లు. మన వంటింట్లో మూడు టేబుల్‌స్పూన్లకి తక్కువ. కొంకి పురుగు సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉంటుంది. అలాంటివి వందలు చేరి రక్తం పీలుస్తుంటే ఆ మూడు చెంచాలు ఎన్నాళ్ళు? మొదటి వారం పిల్ల బొద్దుగానే కనిపిస్తుంది. రెండో వారంలో ఒక్కసారిగా పాలిపోతుంది. పురుగు ఎదిగి గుడ్లు పెట్టేలోపే ప్రాణం పోవచ్చు. అందుకే ఆ రాత్రి నా మైక్రోస్కోపులో గుడ్డు కనబడలేదు. కంటికి కనబడదు, పరీక్షకీ దొరకదు. అప్పుడు మనకి మిగిలేది తారీఖు ఒక్కటే.

పురుగుల్ని గుర్తుపట్టడం

ఒక్కొక్కటీ క్లుప్తంగా చెబుతాను.

ఏలికపాములు తెల్లగా, ఉడికిన సేమ్యాలా, జానెడు దాకా ఉంటాయి. పిల్ల కడుపు ఉబ్బుతుంది, కాళ్ళు సన్నగా ఉంటాయి, వెంట్రుకలు కాంతి తప్పుతాయి. లార్వాలు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణిస్తాయి కాబట్టి దగ్గు కూడా రావచ్చు. కొన్నిసార్లు వాంతిలో పురుగులే పడతాయి.

కొంకి పురుగులు మలంలో మన కంటికి ఆనవు. చిగుళ్ళు పాలిపోవడం, నల్లటి మలం, నీరసం వీటి గుర్తులు. వారానికోసారి మీ కుక్క పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడడం అలవాటు చేసుకోండి. సాధారణంగా గులాబి రంగులో ఉంటాయి. ఆ రంగు మీకు బాగా గుర్తుంటే తేడా వచ్చిన రోజున వెంటనే తెలుస్తుంది.

కొరడా పురుగులు పెద్దపేగు మొదట్లో ఉంటాయి. జిగట, అప్పుడప్పుడు ఎర్రటి రక్తం, వచ్చి తగ్గి మళ్ళీ వచ్చే విరేచనాలు వీటి లక్షణం. ఇవి గుడ్లు పెట్టడానికి మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత కూడా రోజూ పెట్టవు. అందుకని ఒక పరీక్షలో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండకూడదు.

బద్దెపురుగుల తునకలు తోక కింద వెంట్రుకలకి అంటుకుని, ఎండిన బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. "డాక్టరు గారూ, మా కుక్క పక్కమీద బియ్యం దొరికాయి" అని ఒక అమ్మగారు జిప్‌లాక్ సంచిలో పెట్టి తెచ్చారు. చాలా మంచి పని చేశారు. వీటిలో ఎక్కువగా కనిపించే రకం ఫ్లీ వల్ల వస్తుంది. ఫ్లీ అంటే ఒంటిమీద గెంతే చిన్న పురుగు. చెవుల్లో పట్టుకుని వేలాడే పిడుదు వేరు. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ ఆ ఫ్లీని మింగుతుంది, దానితో బద్దెపురుగూ లోపలికి పోతుంది. ఫ్లీలు పోకుండా మందు ఎన్నిసార్లు వేసినా బియ్యం మళ్ళీ కనిపిస్తాయి.

ఇవి కాక జియార్డియా, కాక్సిడియా అనే ఏకకణ జీవులున్నాయి. అవి పురుగులు కావు, కంటికి కనబడవు. మురికి నీళ్ళు, డాగ్ పార్కులు, షెల్టర్లు వీటి నివాసం. నీళ్ళ విరేచనాలు పడతాయి.

ఇంకొక మాట. కుక్క పిర్రలు నేలకేసి ఈడ్చుకుంటుంటే పురుగులని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది ఆసనం పక్కనుండే గ్రంథులు నిండడం వల్ల. దానికి పురుగుల మందు వేసి ప్రయోజనం లేదు.

మందు సంగతి

అన్ని పురుగుల్నీ చంపే ఒకే మందు లేదు. పైరాంటెల్ ఏలికపాముల్నీ కొంకి పురుగుల్నీ చంపుతుంది, రెండు వారాల పిల్లకి కూడా భయం లేకుండా పొయ్యొచ్చు. ఫెన్‌బెండజోల్ ఆ రెండింటితోపాటు కొరడా పురుగునీ చంపుతుంది, జియార్డియాకి కూడా వాడతాం. బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్ కావాలి. కాక్సిడియాకి వేరే మందు. బజారులో "డీవార్మర్" అని రాసి ఉన్నదేదో తెచ్చి వేసి, పని అయిపోయిందనుకోవద్దు. డబ్బా వెనక ఏ పురుగుల పేర్లున్నాయో చదవండి.

ఇక తారీఖులు. కుక్కపిల్ల పుట్టిన రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి మందు. పిల్లలతోపాటు తల్లికీ. "ఒకసారి వేశాం కదా, మళ్ళీ ఎందుకు?" అని అడుగుతారు. మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది. కండల్లో, ఊపిరితిత్తుల్లో ఉన్నవి దారిలో ఉన్నాయి, వచ్చే వారం పేగులోకి దిగుతాయి. వాటికోసం రెండో మోతాదు, ఆ తర్వాత వచ్చేవాటికి మూడోది.

ఎనిమిది వారాలు నిండాక నెలనెలా ఇచ్చే హార్ట్‌వార్మ్ మందు మొదలవుతుంది. హార్ట్‌వార్మ్ దోమకాటు వల్ల గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చేరే పురుగు. దానికిచ్చే బిళ్ళల్లో చాలావాటిలో పేగు పురుగుల మందు కూడా కలిసి ఉంటుంది. కానీ ఐవర్‌మెక్టిన్, పైరాంటెల్ మాత్రమే కలిసిన బిళ్ళ కొరడా పురుగునీ బద్దెపురుగునీ ఏమీ చెయ్యలేదు. మీ బిళ్ళ ఏ రకమో మీ డాక్టర్ని అడగండి.

ఇక్కడ మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఒకటుంది. నెలకొక బిళ్ళ 1987లో ఈ దేశంలో వచ్చింది. అంతకుముందు కుక్కలకి హార్ట్‌వార్మ్ రాకుండా రోజూ ఇచ్చిన మందు డైఇథైల్ కార్బమజైన్. అది 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చిన హెట్రజాన్. గోదావరి జిల్లాలవాళ్ళకి బోదకాలు మాత్రగా బాగా తెలిసిన మందే. ఇండియాలో ఫైలేరియాకి ఇప్పటికీ ఇస్తున్నారు. మనుషుల కోసం వెతికిన మందు ఏళ్ళ తరబడి అమెరికా కుక్కల గుండెల్ని కాపాడింది.

ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. మామూలు మందులకి లొంగని కొంకి పురుగులు కనిపిస్తున్నాయి. పందేల్లో పరుగెత్తిన గ్రేహౌండ్ కుక్కల్లో ముందు గమనించారు, ఇప్పుడు ఇతర కుక్కల్లోనూ ఉన్నాయి. అందుకని మందు వేసిన పది, పద్నాలుగు రోజులకి మళ్ళీ పరీక్ష చేయించండి. పోయాయనుకోవడం వేరు, పోయాయని చూడడం వేరు.

పరీక్షకి కావలసింది తాజా మలం ఒక చెంచాడు. వెంటనే తేలేకపోతే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆవకాయ పక్కన వద్దు, విడిగా పెట్టండి. చిక్కటి పంచదార ద్రావణంలో కలిపి యంత్రంలో గిర్రున తిప్పితే గుడ్లు పైకి తేలతాయి, వాటిని చూస్తాం. మొదటి ఏడాది కనీసం నాలుగుసార్లు, తర్వాత ఏడాదికి రెండుసార్లు చేయించాలి.

వెల్లుల్లి వద్దమ్మా

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఒక మనవి. మీరు మమ్మల్ని పెంచిన ఇంటి వైద్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ కుక్కపిల్లకి పురుగులు పోవాలని వెల్లుల్లి దంచి అన్నంలో కలిపి పెట్టకండమ్మా. వెల్లుల్లి, ఉల్లిపాయ కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడతాయి. కొంకి పురుగులు ఒకవైపు రక్తం పీలుస్తుంటే, ఇంకోవైపు మనం ఉన్న కాస్త రక్తాన్నీ పాడు చేసినట్టవుతుంది. పసుపు, వేపాకు, కాకర రసం పురుగుని చంపవు. అవి ఇస్తూ మనం ఎదురుచూసే నాలుగు రోజులు పిల్లకి ఉండకపోవచ్చు. అలాగే గొడ్లకీ గుర్రాలకీ అమ్మే ఐవర్‌మెక్టిన్ కొనుక్కొచ్చి కుక్కకి ఇవ్వకండి. మోతాదు తప్పితే, అందులోనూ కోలీ జాతి కుక్కలకి, మెదడు మీద పనిచేసి ప్రాణం తీస్తుంది.

మన పిల్లల సంగతి

1950లో హెలెనార్ వైల్డర్ అనే శాస్త్రవేత్త, క్యాన్సరు గడ్డేమోనన్న అనుమానంతో తీసేసిన పిల్లల కళ్ళని పరీక్షించారు. కొన్నిటిలో క్యాన్సరు లేదు, పురుగు లార్వా ఆనవాళ్ళున్నాయి. రెండేళ్ళకి, 1952లో, న్యూ ఆర్లియన్స్‌లో పాల్ బీవర్ బృందం కుక్కల, పిల్లుల ఏలికపాము లార్వాలు పిల్లల కాలేయం వంటి భాగాల్లో తిరుగుతాయని వివరించింది. ఇది ఎప్పుడో జరిగి అయిపోయింది కాదు. 2011–14 మధ్య ఈ దేశంలో తీసిన రక్తనమూనాల్లో, ఆరేళ్ళు దాటినవారిలో సుమారు 5 శాతం మందికి ఈ పురుగు ఎప్పుడో సోకిన గుర్తులున్నాయి. అందరికీ జబ్బు రాదు. చాలామందికి తెలియకుండానే పోతుంది. కానీ లార్వా కంట్లోకి వెళితే ఆ చూపు తిరిగి రావడం కష్టం.

భయపడమని చెప్పడం లేదు, కుక్కని వదిలెయ్యమనీ చెప్పడం లేదు. ఒక చిన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఏలికపాము గుడ్డు కుక్క మలంతో బయటపడ్డ రోజున ఎవరికీ సోకదు. అది మట్టిలో ముదరడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. ముదిరాక మాత్రం ఏళ్ళ తరబడి బతుకుతుంది, బ్లీచి పోసినా చావదు. అంటే మలం ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ఆ గుడ్డుకి ముదిరే అవకాశమే ఉండదు. ప్లాస్టిక్ సంచి కన్నా చవకైన మందు లేదు. కొంకి పురుగు మాత్రం వేడి, తడి ఉంటే వారం లోపే తయారై, చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరుతుంది. చర్మం మీద ఎర్రటి గీతలా పాకుతూ విపరీతమైన దురద పెడుతుంది. పిల్లలు ఆడే ఇసుక పెట్టెకి మూత వెయ్యండి. బ్యాక్‌యార్డ్‌లో చెప్పులు వేసుకోమనండి.

మన ఇళ్ళలో ఇంకొకటుంది. బ్యాక్‌యార్డ్‌లో గోంగూర, తోటకూర, కొత్తిమీర మళ్ళు. ఆ మెత్తటి మట్టి కుక్కలకి చాలా ఇష్టం. మడి చుట్టూ చిన్న కంచె కట్టండి. ఆవుపేడలా కుక్క మలం ఎరువు కాదు, కంపోస్టులో వెయ్యకండి. ఆకుకూర బాగా కడగండి, మట్టిపని చేశాక చేతులు కడుక్కోండి.

ఇంకొక అపోహ. పిల్లలకి రాత్రిళ్ళు దురద పెట్టే నులిపురుగులు కుక్క నుంచి రావు. అవి మనిషి నుంచి మనిషికే. ఆ విషయంలో కుక్కని తిట్టకండి.

క్యాలెండరు

ఇండియాలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఆ రోజు బడిలో, అంగన్‌వాడీలో పిల్లలందరికీ అల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఎవరికి పురుగులున్నాయో ఎవరికి లేవో పరీక్ష చెయ్యరు. తారీఖు వచ్చింది, మాత్ర వేశారు, అంతే. ఆ ఆలోచనే కుక్కపిల్లకీ వర్తిస్తుంది.

ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళాక ఒక్క పని చెయ్యండి. మన తెలుగు క్యాలెండరు వంటింట్లో ఉంటుంది కదా, ఏకాదశి, అమావాస్య రాసి ఉండేది. అందులో మీ కుక్క పేరు కూడా రాయండి. నెలలో ఒక తారీఖు బిళ్ళకి. ఏడాదిలో రెండు తారీఖులు మలపరీక్షకి. ఎవరింట్లోనైనా కుక్క ఈనితే, ఈనిన రోజునే పద్నాలుగు రోజులు లెక్కపెట్టి సున్నా చుట్టండి. ఆ పని పిల్లలకి అప్పజెప్పండి, వాళ్ళు మర్చిపోరు.

చిట్టి పద్నాలుగేళ్ళు బతికింది. ఆ పాప కాలేజీకి వెళ్ళే ముందు మా క్లినిక్‌కి వచ్చి, గోడమీదున్న క్యాలెండరులో చిట్టి మందు తారీఖులు డిసెంబరు దాకా తన చేత్తో రాసి వెళ్ళింది. నేను మళ్ళీ మర్చిపోతానని అనుమానమేమో. ఆ అనుమానం న్యాయమైనదే. ఆ రోజు నుంచి ఫోన్‌లో ఎవరు "కుక్కపిల్లలు పుట్టాయండీ" అన్నా, బాగున్నాయా అని అడిగే ముందు "ఎన్నో తారీఖున?" అని అడుగుతున్నాను.

 ప్రశ్నలుంటే బయట కాఫీ దగ్గర నిలబడతాను. జిప్‌లాక్ సంచులు మాత్రం ఇక్కడికి తేవద్దు. భోజనాలకి వెళదాం పదండి.